కాలు దించితే ఒక్క మార్కే

(పింఛనుదారుల దినోత్సవ సభలో ఒక విశ్రాంత నీటిపారుదల శాఖ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అంటే మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పింఛను ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని చెప్పింది. ఆ విషయం మీద నాకంటే బాగా మాట్లాడగలిగినవారు వేదిక మీద ఉన్నారు. కరువు భత్యం బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ వారే చెబుతారు. కార్యదర్శిగారు మాత్రం నన్ను పిలిచి, "మీరు బిల్లుల సంగతి వదిలేయండి, మీ బుల్లెట్ సంగతి చెప్పండి. ఆడవాళ్ళూ పిల్లలూ కూడా వస్తారు, కాస్త సరదాగా ఉంటుంది" అన్నారు. సరదాగానే మొదలుపెడతాను. చివరిదాకా సరదాగా ఉంటుందని మాత్రం మాట ఇవ్వలేను.

నా బండి 1962 నాటి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్. 1971లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పుడు నేను నీటిపారుదల శాఖలో సూపర్‌వైజర్ని. ప్రభుత్వం మోటారు సైకిలు అడ్వాన్సు ఇచ్చేది, నెలనెలా జీతంలో కోసుకునేది. అది చాలకపోతే మా ఆవిడ రెండు గాజులిచ్చింది. ఆ గాజులు ఇప్పటికీ తిరిగి రాలేదని ఆవిడ మూడో వరుసలో కూర్చుని చెయ్యి ఊపుతోంది చూడండి.

2019లో మా మనవడు విశాఖపట్నంలో చదువుకుంటూ ఉండేవాడు. ఒకరోజు ఫోనులో ఒక బొమ్మ పంపాడు. ఎర్ర రంగు ఛాసిస్, పైకెత్తి కట్టిన సైలెన్సరు, ఒంటి సీటు, గళ్ళ టైర్లు. "తాతయ్యా, బుల్లెట్ ట్రయల్స్ అని కొత్తది వచ్చింది, చూడు" అన్నాడు. ఆ కంపెనీవాళ్ళు పాత పోటీబండి జ్ఞాపకంగా ఆ సంవత్సరం దాన్ని విడుదల చేశారు. ఎక్కువకాలం అమ్మలేదు, మరుసటి ఏడాదికే ఆపేశారు. బొమ్మ కింద జానీ బ్రిటన్ అనే పేరు ఉంది. ఆ పేరు చూడగానే నాకు ఒళ్ళు ఝల్లుమంది. ఆ మనిషి ఫొటో నేను దాదాపు యాభై ఏళ్ళ కిందట వాల్తేరులో ఒక రైల్వే క్వార్టర్సులో చూశాను.

ముందుగా ట్రయల్స్ అంటే ఏమిటో చెబుతాను. మోటారు సైకిలు పోటీ అనగానే మనకు వేగం గుర్తుకొస్తుంది. ఇందులో వేగానికి పని లేదు. కొండవాగులు, పాచి పట్టిన బండలు, బురద, చెట్ల వేళ్ళు ఉన్న చోట కొన్ని గజాల మేర దారి గుర్తులు పెడతారు. దాన్ని సెక్షన్ అంటారు. పక్కన ఒక పరిశీలకుడు కాగితం పట్టుకుని నిలబడతాడు. పోటీదారు ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మనిషి నడిచేంత నెమ్మదిగా బండిని ఆ సెక్షన్ దాటించాలి. కాలు నేల మీద ఆనకూడదు. ఆనితే మార్కులు పడతాయి. అవి మన బడి మార్కుల్లాంటివి కావు, ఎవరికి తక్కువ వస్తే వాడే గొప్ప. ఎన్ని మార్కులన్నది తర్వాత చెబుతాను. అసలు కథ అందులోనే ఉంది.

ఈ పోటీలకు పుట్టిల్లు ఇంగ్లండు, స్కాట్లండు. స్కాట్లండులో ఆరు రోజుల ట్రయల్ అని ఒకటి ఉంది. 1909 నాటి నుంచీ దానికి చరిత్ర ఉంది. బ్రిటనులోకెల్లా ఎత్తయిన బెన్ నెవిస్ కొండ ఛాయలో, ఫోర్ట్ విలియం అనే ఊరు కేంద్రంగా జరుగుతుంది. కిన్‌లోక్‌లెవెన్ అనే చోట పైప్‌లైన్ అని ఒక సెక్షన్ ఉంది. అల్యూమినియం ఫ్యాక్టరీకి కరెంటు కోసం కొండ మీంచి నీళ్ళు దించే గొట్టాల పక్కనే నిట్టనిలువు రాళ్ళ ఎక్కుడు. మాచ్‌ఖండ్ వెళ్ళి ఆ పెన్‌స్టాక్ గొట్టాలు చూసినవాళ్ళు మన సంఘంలో కొందరున్నారు. ఆ గొట్టాల పక్కన, మెట్లు లేని చోట మోటారు సైకిలు ఎక్కిస్తున్నట్టు ఊహించుకోండి, సరిపోతుంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో ప్రతి మోటారు సైకిలు కంపెనీకీ ఒక ట్రయల్స్ జట్టు ఉండేది. బి.ఎస్.ఏ., ఏరియల్, మ్యాచ్‌లెస్, నార్టన్, రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్నీ ఉండేవి. ఆదివారం బురదలో గెలిచిన బండి సోమవారం షాపులో అమ్ముడుపోయేది. మన బుల్లెట్ పుట్టింది కూడా ఆ బురదలోనే. అంతకుముందు చాలా బండ్లకు వెనక చక్రం ఛాసిస్‌కి బిగించేసి ఉండేది. గతుకుల్లో నడుం విరిగేది. వెనక చక్రం పైకీ కిందికీ ఊగేలా స్వింగింగ్ ఆర్మూ, రెండు షాక్ అబ్జార్బర్లూ పెట్టిన కొత్త బుల్లెట్‌ను రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 1948లో తొలిసారి జనానికి చూపించింది షోరూములో కాదు, కోల్‌మోర్ కప్ అనే ట్రయల్ పోటీలో. స్ప్రింగుల మీద ఊగే చక్రం రాళ్ళమీద ఏం పట్టు ఇస్తుందని అందరూ నవ్వారట. ఆ ఏడాదే ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో గెలిచిన బ్రిటిష్ జట్టులో రెండు బుల్లెట్లు ఉన్నాయి. నడిపిన ఇద్దరికీ బంగారు పతకాలు వచ్చాయి. తర్వాత జానీ బ్రిటన్ 1952లో ఒకసారి, 1957లో ఇంకోసారి స్కాట్లండు ఆరు రోజుల ట్రయల్ బుల్లెట్ మీదే గెలిచాడు.

ఇక ఆ బండి మన దేశం ఎలా వచ్చిందంటారా? సరిహద్దుల్లో గస్తీకి గట్టి బండి కావాలని మన సైన్యం 1950ల మొదట్లో మద్రాసు మోటార్స్ ద్వారా వందల బుల్లెట్లు తెప్పించుకుంది. అంతమందికి విడిభాగాలు ఓడల్లో ఎన్నాళ్ళు తెస్తారు? 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పెట్టారు, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ కట్టారు. మొదట ఇంగ్లండు నుంచి వచ్చిన భాగాలు బిగించేవారు, క్రమంగా అన్నీ ఇక్కడే చేయడం మొదలైంది. తర్వాత ఒక విచిత్రం జరిగింది. ఇంగ్లండులో కన్నతల్లి ఫ్యాక్టరీ రెడ్డిచ్‌లో 1967లో మూతపడింది. పాత రాతిగని సొరంగంలో నడిచిన రెండో ఫ్యాక్టరీ కూడా 1970లో ఆగిపోయింది. పెంచుకున్న పిల్ల మాత్రం మద్రాసులో బతికింది. 1977 నుంచి మన బుల్లెట్లు తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయ్యాయి. కన్నవారింటికి పసుపుకుంకాలు పంపినట్టు!

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ట్రయల్స్ అనే మాట ఎవరూ విని ఉండరు. మనకు పోటీ లేదు, డ్యూటీ ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన 1965లో సాలూరు, పార్వతీపురం, బొబ్బిలి కూడా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేవి. విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. పాలకొండ, సీతంపేట ఇప్పుడు 2022 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి. జిల్లాలు మారాయి గాని గెడ్డలు అక్కడే ఉన్నాయి. నాగావళి, వంశధార, సువర్ణముఖి, వేగావతి అని పేర్లున్న నదులు సరే, ఒక్కొక్క నదిలోకి దిగే పేరు లేని గెడ్డలు ఎన్నో. ఎండాకాలం వాటిలో ఇసుకే. శ్రావణ భాద్రపదాల్లో పొద్దున మోకాలు లోతున్నది మధ్యాహ్నానికి ఏనుగును దొర్లిస్తుంది. వంతెనలు ఎక్కడ? ఎమ్ బుక్కూ, టేపూ, టిఫిన్ గిన్నే సంచిలో వేసుకుని, సంచి మెడకు తగిలించుకుని దిగిపోవడమే. మలేరియా ఇన్‌స్పెక్టర్లు, రెవెన్యూవారు, కరెంటు లైన్ మనుషులు, గ్రామసేవకులు అందరికీ అదే బతుకు. చాలామందికి సైకిలే గతి. బుల్లెట్ ఉన్నవాడు జమీందారు కింద లెక్క. 1968, 69 ప్రాంతాల్లో ఏజెన్సీలో ఆ చప్పుడు వినబడితే పోలీసులనుకుని జనం తలుపులు వేసుకునేవారు. నేను కొన్నాక కూడా కొన్నాళ్ళు ఆ భయం పోలేదు. గూడకు అరమైలు దూరంలో బండి ఆపి నడిచి వెళ్ళేవాణ్ణి.

దాన్ని స్టార్టు చేయడమే ఒక వ్రతం. ఇప్పటి పిల్లలు బొత్తాం నొక్కుతారు. మేము తాళం తిప్పి, ఆమీటరు ముల్లు చూస్తూ కిక్కరు మెల్లగా దింపేవాళ్ళం. ముల్లు మధ్యకు వచ్చిందంటే పిస్టన్ పైకి వచ్చినట్టు. అప్పుడు డీకంప్రెషన్ లీవరు పట్టి రవ్వంత దాటించి, లీవరు వదిలి, ఒక్క తన్ను. లెక్క తప్పితే కిక్కరు తిరగబడి పిక్క మీద కొట్టేది. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇప్పటి బండ్లు నడిపినవాడికి ఇస్తే బ్రేకు అనుకుని గేరు తొక్కుతాడు.

నా గురువు సాలూరులో ఒక మేస్త్రి. లారీలకు, మోటారు పనికి సాలూరు పెట్టింది పేరని మీకు తెలుసు. ఒడిశా ఘాటీ ఎక్కే ప్రతి లారీ అక్కడ ఆగాల్సిందే. ఆ మేస్త్రి నాకొక మాట చెప్పాడు. "బాబూ, ఈ ఇంజను గుర్రం కాదు, ఎద్దు. దీన్ని తరమకూడదు. ఒకటో గేరులో పెట్టి, దాని పని దాన్ని చేసుకోనివ్వాలి" అన్నాడు. ఆయన చదువుకోలేదు గాని ఆ మాటకు శాస్త్రం ఉంది. బుల్లెట్ సిలిండరు అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే పొడవు 90 మిల్లీమీటర్లు. పొడవు ఎక్కువ, లోపల ఫ్లైవీలు బరువెక్కువ. అందుకే ఇంజను బాగా నెమ్మదిగా తిరిగినా ఆగిపోదు, ఒక్కొక్క దెబ్బా విడివిడిగా లెక్కపెట్టొచ్చు. వేగం లేని చోట బలం ఇచ్చే ఇంజను. స్కాట్లండు బండల మీద గెలిపించిందీ అదే, మన గెడ్డల్లో బతికించిందీ అదే. దానికి ఉన్న లోపం బరువు. రమారమి 165 కిలోలు. మీద పడిందంటే ఒక్కడివల్ల లేవదు.

ఇక వాల్తేరు సంగతి. 1973లో ఏదో పని మీద వెళ్ళినప్పుడు మా బంధువు ఒకాయన రైల్వేలో పనిచేస్తుంటే వాళ్ళ క్వార్టర్సులో దిగాను. పక్కింట్లో ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ ఇంజను డ్రైవరు ఉండేవాడు. ఆయన దగ్గర యుద్ధకాలపు నార్టన్ ఉండేది, డిస్పోజల్‌లో కొన్నది. నా బుల్లెట్ చూసి ముచ్చటపడి, తన పెట్టె తెరిచి పాత ఇంగ్లీషు మోటారు సైకిలు వారపత్రికలు చూపించాడు. అందులో జానీ బ్రిటన్ ఫొటో. నీళ్ళు పారే రాళ్ళ మధ్య నిలబడి నడుపుతున్నాడు. రెండు కాళ్ళూ ఫుట్‌రెస్టుల మీదే. ముఖంలో కంగారే లేదు, వాకిట్లో పేపరు చదువుకుంటున్నట్టు ఉన్నాడు. కాలు దించకుండా దాటినవాడే నిపుణుడు అని కింద రాసి ఉంది. నియమాలు రాసిన పక్క పేజీ చెదలు తినేశాయి.

మిగతా నియమాలు నేనే ఊహించుకున్నాను. కాలు దించితే ఓడిపోయినట్టే అనుకున్నాను. ఇరవైతొమ్మిదేళ్ళ వయసు, బుల్లెట్ నడిపే పొగరు. ఆ రోజు నుంచి గెడ్డ కనబడితే లేచి నిలబడి, కాలు దించకుండా దాటేవాణ్ణి. టైర్లలో గాలి కాస్త తగ్గించేవాణ్ణి, దాంతో రాయి మీద పట్టు దొరికేది. సీతంపేట దగ్గర ఒక సవర పెద్దాయన, "నీళ్ళు మోగే చోట దిగు బాబూ, మోగని చోట లోతుంటాది" అని చెప్పాడు. అది నిజం. రాళ్ళమీద పారే పలచటి నీరే చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వింటూ దారి చూసుకునేవాణ్ణి. ఆఫీసులో పందేలు కూడా కాశారు. నాలుగేళ్ళలో నేను కాలు దించినట్టు చూసినవాడు లేడు. "సూపర్‌వైజరుగారి కాలికి తడి అంటదు" అని మా గుమాస్తా ఒకాయన అందరికీ చెప్పేవాడు. ఆ మాట నాకు ఎంత రుచించేదో!

ఇప్పుడు సరదా భాగం అయిపోయింది.

1977 శ్రావణమాసం. కొండల్లో మూడు రోజులుగా వాన. పొద్దున్నే కబురు వచ్చింది, పైన ఒక గూడ దగ్గరున్న చెరువు గట్టు జారుతోందని. అది నా సెక్షనులో చెరువు. నాతోపాటు రమ్మని మా వర్క్ ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాను. ఆయన నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. ఆ రోజు ఆయనకు జ్వరం. అయినా గొనెసంచి ఒకటి తలమీద కప్పుకుని వెనక కూర్చున్నారు. దారిలో ఒక గెడ్డ అడ్డం వచ్చింది. ఎర్రనీళ్ళు. నేను చెవి పెట్టి విన్నాను, మోగుతోంది. ఆయన భుజం తట్టి, "బాబూ, నేను దిగిపోతాను. తాడట్టుకుని నడిచొస్తాను. మీరు ఒక్కలూ దాటించీండి" అన్నారు. "కూర్చోండి, ఏం కాదు" అన్నాను. అవతలి ఒడ్డున పదిమంది నిలబడి చూస్తున్నారు.

సగం దాకా బాగానే వెళ్ళాం. ముందుచక్రం ఒక గుండ్రాయి ఎక్కి పక్కకు జారింది. బండి కుడికి ఒరిగింది. అక్కడ నీళ్ళు మోకాలు లోతు కూడా లేవు. కుడికాలు దించి ఉంటే ఆనేది. పక్కనే చదునైన బండ ఉంది, నాకు కనబడింది. కాలు దించలేదు. హ్యాండిల్ లాగి నిలబెట్టగలననుకున్నాను. బండి మొత్తం కుడివైపు పడింది. నేను ఎగిరి నీళ్ళలో పడ్డాను. ఆయన కాలు వెనక ఫుట్‌రెస్టుకీ బండకీ మధ్య ఇరుక్కుంది. పిక్క మీద సైలెన్సరు. అవతలి ఒడ్డు వాళ్ళు దిగి బండి ఎత్తితే గాని కాలు బయటకు రాలేదు. రెండు ఎముకలూ విరిగాయి. సవరవాళ్ళు డోలీ కట్టి ఆరు కిలోమీటర్లు మోసుకుని రోడ్డుకు తెచ్చారు. దారంతా ఆయన ఒక్కసారి కూడా అరవలేదు. అరిస్తే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

చెరువు సంగతి అడుగుతారా? మేం గెడ్డలో పడకముందే గూడ జనం అలుగు పక్క కొస తెగ్గొట్టి నీళ్ళు వదిలేసి, గట్టు కాపాడుకున్నారు. మా అవసరం వాళ్ళకు లేకపోయింది.

ఆస్పత్రిలో మూడో రోజున ఆయన నన్ను ఒకే ఒక మాట అడిగారు. "కాలెందుకు దించలేదు బాబూ?" అని. "జారిపోయిందండీ" అన్నాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

నేను పైకి రాసిన రిపోర్టు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. నీటి ఉధృతికి వాహనం అదుపు తప్పినది అని రాశాను. ఆయన దిగుతానన్నారని రాయలేదు. ఇంకొకటి కూడా రాయలేదు. ఆయనను నేను డ్యూటీ మీద రమ్మన్నానని రాయలేదు. జ్వరంలో ఉన్న మనిషిని సొంత వాహనం మీద ఎందుకు తీసుకెళ్ళావని నన్ను అడుగుతారేమోనని భయం. వెంట వచ్చిరి అని రాశాను. పాలనా పనులు తెలిసిన మీకు ఆ ఒక్క మాటకు అర్థం విడమరిచి చెప్పనక్కర్లేదు. డ్యూటీలో తగిలిన దెబ్బకు ప్రత్యేక సెలవు నియమం ఉంది. ఆ రిపోర్టుతో ఆయనకు అది దక్కలేదు. నాలుగు నెలలూ సగం జీతం సెలవు కింద పోయింది. ఆఫీసువారి తప్పేమీ లేదు. కాగితం మీద ఏముంటే అది చూశారు. కాగితం రాసింది నేను.

ఆయన కాలు అతికింది గాని కురచగా అతికింది. ఆ కాలితోనే గట్లమీద తిరిగి ఉద్యోగం పూర్తి చేసి రిటైరయ్యారు. నన్ను చూస్తే "బాబూ" అనే పిలిచేవారు. నా బండి వెనక మళ్ళీ ఎక్కేవారు కూడా. గెడ్డ వస్తే మాత్రం అడక్కుండానే దిగిపోయేవారు. నేను ఆగేవాణ్ణి. 2016లో కాలం చేశారు.

2019లో మా మనవడు ఆ బొమ్మ పంపాక, ట్రయల్స్ నియమాలన్నీ తెలుగులో చదివి వినిపించమన్నాను. వాడు ఫోను చూస్తూ చెప్పాడు. "కాలు ఒకసారి ఆనితే ఒక మార్కు, తాతయ్యా. రెండుసార్లకి రెండు. అంతకంటే ఎక్కువసార్లయితే మూడు. బండి ఆగిపోయినా, పడిపోయినా ఐదు." మళ్ళీ చెప్పమన్నాను. మళ్ళీ చెప్పాడు. బ్రిటన్ అంతటివాడు కూడా పోటీలో కాళ్ళు దించేవాడా అని అడిగాను. "దించకుండా ఎలా గెలుస్తాడు తాతయ్యా, పడిపోయేలా ఉంటే దించుతారు, ఒక్క మార్కే కదా" అని నవ్వాడు. ఆ చెదలు తిన్న పేజీలో అదే ఉండి ఉండాలి. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా ఆవిడ షుగరు ఎక్కువైందనుకుంది.

వాడికి ఇప్పుడు ఈ పాత బండ్ల పిచ్చి బాగా పట్టింది. ఇంగ్లండులో 1965కు ముందటి బండ్లకు విడిగా ట్రయల్స్ జరుపుతారని వాడే చెప్పాడు. ఆ ఏడే ఎందుకని అడిగితే శామీ మిల్లర్ కథ చెప్పాడు. ఆయన 1962లోనూ 1964లోనూ ఏరియల్ అనే బ్రిటిష్ బండి మీద స్కాట్లండు ట్రయల్ గెలిచాడు. 500 సి.సి. బండి. ఊడదీయగలిగినవన్నీ ఊడదీసి సుమారు 110 కిలోలకు దించాడట. అదే మనిషి 1965లో స్పెయిను దేశపు బుల్టాకో మీద గెలిచాడు. అది ఇంకా తేలిక, టూ స్ట్రోక్. అంతే, బరువైన బ్రిటిష్ బండ్ల కాలం అయిపోయింది. పాతబండ్లు కొట్టాల్లో తుప్పు పట్టకుండా, వాటికంటూ వేరే పోటీలు పెట్టారు. కిన్‌లోక్‌లెవెన్‌లో ఇప్పటికీ ముసలివాళ్ళు ముసలిబండ్లతో ఆ గొట్టాల పక్కన ఎక్కుతారట. మనకు పెట్టే కుర్చీలాట కంటే అది నయం. కార్యదర్శిగారు ఏమీ అనుకోకూడదు.

నా బుల్లెట్‌ను అలా మార్చేద్దామని వాడి కోరిక. మడ్‌గార్డులు కోసి, సైలెన్సరు పైకెత్తి, సీటు తీసేసి తేలిక చేద్దామన్నాడు. ఇంకోవైపు 2021లో కేంద్ర ప్రభుత్వం ఒక నియమం తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండ్లను వింటేజ్ వాహనాలుగా వి.ఎ. అక్షరాలతో నమోదు చేస్తారు. కోస్తే ఆ అర్హత పోతుంది. ఆ నమోదు ఉంటే మళ్ళీ రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. నాకేమో ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని, పంట కాలువ దాకా వెళ్ళి రావడమే ఇష్టం. ఈ విషయం మీద తాతా మనవళ్ళకు రెండు నెలలు మాటలు లేవు. చివరికి కోయొద్దన్నాను. వాడికి కారణం చెప్పాల్సి వచ్చింది. కుడివైపు వెనక ఫుట్‌రెస్టు ఇప్పటికీ వంగే ఉంటుంది. ఎందరు మేస్త్రీలు సరిచేస్తామన్నా నేను చేయనివ్వలేదు. ఎందుకో వాడికి మొదటిసారి చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. "ఆయనింట్లో ఎవరైనా ఉన్నారా తాతయ్యా?" అని అడిగాడు.

ఉన్నారు. వారి శ్రీమతిగారు కుటుంబ పింఛనుదారుగా మన సంఘంలోనే సభ్యురాలు. ఈ ప్రసంగం చేసే ముందు వారి అనుమతి తీసుకోవడం ధర్మమని మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. అంతా చెప్పాను, దిగుతానన్న మాట, కాలు దించని సంగతి, రిపోర్టు సంగతి. క్షమించమని అడిగాను. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ విన్నారు. చేట పక్కన పెట్టి, "కాలు సంగతి ఆయనకి ఆ రోజే తెలుసు బాబూ. బండ పక్కనే ఉందని ఇంటికొచ్చి చెప్పారు. సగం జీతం సంగతి తెలీదు. ఆ నాలుగు నెలలూ సగం జీతం మీద బతికాం. చూలావుని అమ్మీసినాం. పెద్దమ్మాయి బడి మానీసింది, మళ్ళీ ఎల్లలేదు. మీటింగులో చెప్తే అది కూడా చెప్పండి, వదిలీకండి" అన్నారు.

అందుకని చెప్పాను. వారు ముందువరుసలో ఎడమపక్కన కూర్చున్నారు. ఆ పెద్దమ్మాయిగారు కూడా తోడు వచ్చారు.

పాత సర్వీసు రికార్డులు సరిదిద్దించే పని ఏమైనా వీలవుతుందా అని కార్యదర్శిగారిని అడిగాను. ఉద్యోగీ లేరు, అంతకాలమూ అయింది, కష్టమే అన్నారు. అయినా జరిగింది జరిగినట్టు ఒక అఫిడవిట్టు రాసి సంతకం చేసి తెచ్చాను. అది వారికిచ్చాను. ఆ నాలుగు నెలల తేడా నాకు తెలిసిన లెక్కల ప్రకారం కట్టి, దానికి వడ్డీ కలిపి ఇవ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు. పెద్దమ్మాయిగారు, "మా మనవరాలు పాలిటెక్నిక్ చదువుతోంది, దాని ఫీజుకి కట్టండి" అన్నారు. ఈ నెలలో మొదటి విడత కట్టాను. ఆ పిల్ల సివిలు తీసుకుంది.

నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గంట చూపిస్తున్నారు. బండి చూడాలని కొందరు అడిగారు. మనవడు నడుపుతుంటే వెనక కూర్చుని వచ్చాను. బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాలయ్యాక చూడవచ్చు. పిల్లలు ఎక్కి కూర్చుంటే ఎడమవైపు నుంచే ఎక్కించండి. కుడివైపు సైలెన్సరు ఇంకా వేడిగానే ఉంటుంది.